జెట్టీ మీదే మొదలయ్యే కాగితం: చేపలు, రొయ్యలు విదేశాలకు పంపేవారికి అక్రమ వేట నిబంధనల మార్గదర్శి

కొన్నేళ్ల కిందట నేను డాక్యుమెంటేషన్ చూస్తున్న ప్లాంటు నుంచి ఒక కంటైనర్ కటిల్ ఫిష్ యూరప్ వెళ్లాల్సి ఉంది. బోటు ఒడ్డుకు చేరింది ఏప్రిల్ 5న. సప్లయర్ ఇచ్చిన చీటీ మీద 05/04 అని రాసి ఉంది. మా షీట్‌లో తేదీలు ముందు నెల, తర్వాత రోజు పడేలా సెట్ అయి ఉండటంతో అది కాస్తా మే 4 అయి కూర్చుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఎగుమతి కాగితాల డ్రాఫ్ట్ చూసిన కొనుగోలుదారు ఒకే ఒక్క ప్రశ్న పంపాడు: నిషేధంలో ఈ బోటు సముద్రంలో ఎందుకుంది?

సరుకు సక్రమంగా పట్టిందే. కానీ ఆ మాట నిరూపించడానికి డీజిల్ బిల్లు, ఐస్ బిల్లు, కాటా చీటీ వెతికి పట్టుకునేసరికి వారం దాటింది. అన్ని రోజులూ ఒకటే టెన్షన్. ఎగుమతి కాగితం ఆఫీసులో పుట్టదు, జెట్టీ మీద పుడుతుంది అన్నది నాకు అప్పుడు అర్థమైంది. అందుకే ఈ మార్గదర్శి ఫారంతో కాకుండా బోటుతో మొదలై ముందుకు వెళ్తుంది.

అసలు ఈ నిబంధనలు ఎందుకొచ్చాయి

లైసెన్సు లేకుండా, నిషేధ కాలంలో, నిషేధించిన వలలతో పట్టడం అక్రమ వేట. పట్టింది లెక్క చెప్పకపోవడం, తప్పుడు లెక్క చెప్పడం రెండో రకం. ఏ దేశం జెండా లేని ఓడలతో, ఏ నిబంధనా వర్తించని చోట పట్టుకుపోవడం మూడో రకం. ఈ మూడింటినీ కలిపి ఐయూయూ (ఇల్లీగల్, అన్‌రిపోర్టెడ్, అన్‌రెగ్యులేటెడ్) వేట అంటున్నారు. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీని మీద అంతర్జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అదే సంస్థ ఆధ్వర్యంలో 2009లో కుదిరి, 2016 జూన్ 5న అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం, అనుమానం ఉన్న విదేశీ ఓడను రేవులోకి రానివ్వకుండా ఆపవచ్చు, వస్తే తనిఖీ చేయవచ్చు. అక్రమ వేటకు సర్కారు సబ్సిడీలు ఇవ్వకూడదన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 2022 జూన్‌లో కుదిరి, 2025 సెప్టెంబర్ 15న అమల్లోకి వచ్చింది.

ఇవన్నీ ప్రభుత్వాల మధ్య వ్యవహారాలు. ఎగుమతిదారుడి మెడ మీదికి నేరుగా వచ్చేవి మార్కెట్ నిబంధనలు. యూరోపియన్ యూనియన్ చట్టం 2010 జనవరి 1 నుంచి అమలవుతోంది. ఏ బోటు, ఎక్కడ, ఎప్పుడు సక్రమంగా పట్టిందో చెప్పే క్యాచ్ సర్టిఫికెట్ లేనిదే సముద్రపు వేట సరుకు అక్కడ దిగదు. ఏదైనా దేశం తన బోట్లను అదుపులో పెట్టుకోలేకపోతే ముందు పసుపు కార్డు, మారకపోతే ఎరుపు కార్డు. పసుపు కార్డుతో వ్యాపారం ఆగదు, తనిఖీలు పెరుగుతాయి. ఎరుపు పడితే ఆ దేశపు వేట సరుకు మొత్తం బంద్. పక్కనే ఉన్న శ్రీలంకకు ఇదే జరిగింది. దూర సముద్రంలో తిరిగే బోట్లకు ఉపగ్రహ నిఘా లేదని, హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ నిబంధనలు పాటించడం లేదని 2015 జనవరి నుంచి నిషేధం పడింది. 2016లో గానీ అది తొలగలేదు. తప్పు చేసినవాళ్లతో పాటు నిజాయతీగా వేటాడిన మత్స్యకారులు కూడా ఆ కాలమంతా యూరప్ మార్కెట్ పోగొట్టుకున్నారు. థాయ్‌లాండ్‌కు 2015లో వచ్చిన పసుపు కార్డు 2019 దాకా ఉంది. వియత్నాంకు 2017లో ఇచ్చారు.

మొదటి మెట్టు: వేట సరుకా, చెరువు సరుకా

లాట్ చేతికి రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. దీని మీదే మిగతా కాగితాలన్నీ ఆధారపడతాయి.

పిల్ల దశ నుంచి చెరువులో పెంచిన వన్నమై రొయ్యకు యూరప్ క్యాచ్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ చట్టం పరిధి నుంచి సాగు సరుకును, మంచినీటి చేపలను మినహాయించారు. భీమవరం, నెల్లూరు వైపు రొయ్య పంపేవాళ్లకు ఇది పెద్ద ఊరట. అంతమాత్రాన కాగితాలు తగ్గవు. చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్, పట్టుబడికి ముందు యాంటీబయోటిక్ పరీక్ష, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ హెల్త్ సర్టిఫికెట్ తప్పవు. యూరప్ 2016లో మన సాగు రొయ్యల శాంపిల్ తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ వంటి యాంటీబయోటిక్‌ల జాడ దొరికితే మిగతా కాగితాలు ఎంత బాగున్నా సరుకు పనికిరాదు. అది వేరే దారి, వేరే పరీక్ష.

అమెరికాలో లెక్క వేరు. అక్కడి దిగుమతి నిఘా కార్యక్రమం పేరు సింప్. రొయ్య విషయంలో అది వేటకూ, చెరువుకూ తేడా చూడదు, రెండింటి మూలమూ చెప్పాల్సిందే. యూరప్‌కు అక్కర్లేదు కదా అని చెరువు వివరాలు రాసుకోని ప్లాంట్లు, అమెరికా ఆర్డర్ వచ్చినప్పుడు హడావుడి పడటం చూశాను. చెరువు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, పట్టుబడి తేదీ, బరువు, మొదట ఎవరికి అప్పగించారో మొదటి రోజు నుంచే రాసిపెట్టుకోండి.

ఇక చేప పేరు. వేలంపాటలో పలికే పేరు ఫారంలో చెల్లదు, శాస్త్రీయ నామం కావాలి. కటిల్ ఫిష్ అంటే సరిపోదు, సెపియా ఫరావోనిస్ అని రాయాలి. ఒకే బుట్టలో రెండు జాతులు కలిసి వస్తే విడివిడిగా తూయించండి. తర్వాత అంచనా మీద పంచితే ఎక్కడో ఒకచోట దొరికిపోతారు.

రెండో మెట్టు: బోటు కాగితాలు

సరుకు కొనే ప్రతి బోటుకూ ఒక ఫైలు ఉండాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, వేట లైసెన్సు, బోటు పొడవు, టన్నేజీ, ఏ రకం వల వాడతారు, యజమాని పేరు, సరంగు పేరు. మన దగ్గర బోట్లకు ఐఎన్‌డి-ఏపీ అని మొదలయ్యే నంబరు ఉంటుంది. మత్స్యశాఖ రియల్‌క్రాఫ్ట్ పోర్టల్ ద్వారా రిజిస్ట్రేషన్, లైసెన్సు ఇస్తుంది. రాష్ట్ర పరిధిలో 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వర్తిస్తుంది. రాష్ట్ర జలాలు దాటి, మన దేశానికి వేట హక్కులున్న సముద్ర ప్రాంతంలో (ఈఈజెడ్) తిరిగే మర పడవలకు, పెద్ద మోటారు పడవలకు 2025 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాక్సెస్ పాస్ కావాలి. దాన్నీ ఫైల్లో చేర్చండి.

లైసెన్సు గడువు తేదీ మీద కన్నేసి ఉంచండి. బోటు వేటకు వెళ్లిన రోజున లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి. ఒడ్డుకు వచ్చాక రెన్యూవల్ చేయించుకుంటే ఆ వేట సరుకుకు అది పనికిరాదు. మార్చి నెలలో ఒకసారి, నిషేధం ముగిసి బోట్లు దిగే జూన్‌లో ఒకసారి ఫైళ్లన్నీ తిరగేస్తే సగం సమస్యలు పోతాయి.

మూడో మెట్టు: జెట్టీ మీద

దీనికి ఎక్కువ సమయం పెట్టండి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున ఒక గంట నిలబడితే మొత్తం విషయం కళ్లకు కడుతుంది. బోటు కట్టగానే కళాసీలు ఐస్ కొట్టంలోంచి సరుకు పైకి తోడతారు. జెట్టీ మీద రకాలవారీగా కుప్పలు పడతాయి. పాటగాడి గొంతు లేస్తుంది. పది నిమిషాల్లో కుప్ప చేతులు మారుతుంది. ఇంకో పది నిమిషాల్లో నాలుగు బోట్ల సరుకు ఒకే వ్యానులో కలిసిపోతుంది. ఏ బుట్ట ఏ బోటుదో ఆ తర్వాత దేవుడికే తెలియాలి.

కాబట్టి చీటీ రాయాల్సింది ఆ ఇరవై నిమిషాల్లోనే. బోటు నంబరు చూసి రాయాలి, ఎవరో చెప్పింది విని కాదు. బయలుదేరిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, జాతి, బరువు, కొన్న సప్లయర్ పేరు రాసి, సరంగు చేత సంతకమో వేలిముద్రో వేయించండి. తేదీని అంకెల్లో రాయకుండా ‘5 ఏప్రిల్’ అని నెల పేరుతో రాయించండి. ఈ చిన్న అలవాటు వల్ల మా ప్లాంటులో ఆ గొడవ మళ్లీ రాలేదు.

ఎక్కడ వేటాడారని అడిగితే సరంగు అక్షాంశం, రేఖాంశం చెప్పడు. ఒడ్డున కనిపించే కొండ గుర్తు చెబుతాడు, ఇన్ని బారల లోతు అంటాడు. అతని లెక్క తప్పదు, కానీ ఫారానికి అది చాలదు. ఓపిగ్గా కూర్చుని, బోటు జీపీఎస్‌లో వల వేసిన చోట్లు చూపించమని అడిగి రాసుకోండి. ఫారంలో వేట ప్రాంతం గడిలో అంతర్జాతీయ సంఖ్య వేయాలి. బంగాళాఖాతం అయితే 57. అరేబియా సముద్రం అయితే 51.

మన ప్లాంట్లు గుజరాత్, కేరళ నుంచి కూడా సరుకు తెప్పించుకుంటాయి. అక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. కాపీ చేసిన పాత ఫారంలో 57 అలాగే ఉండిపోతుంది. పశ్చిమ తీరంలో కేంద్రం విధించే నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 దాకా. జూన్ 20న విశాఖ బోటు సరుకు సక్రమమే, అదే రోజు గుజరాత్‌లోని వెరావల్ మర పడవ సరుకు అంటే వెంటనే అనుమానం రావాలి. రెండు తీరాల నిషేధ తేదీలూ గోడ మీద రాసి అంటించుకోండి.

చిన్న పడవలకు కాస్త వెసులుబాటు ఉంది. 12 మీటర్ల లోపు పొడవుండి, ఈడ్చే వల వాడని పడవలు, ఈడ్చే వల వాడితే 8 మీటర్ల లోపువి, పైన క్యాబిన్ కట్టడం లేనివి, లేదా 20 టన్నేజీ లోపువి అయితే యూరప్ సరళీకృత సర్టిఫికెట్ ఒప్పుకుంటుంది. ఫైబర్ తెప్పలు ఇందులోకి వస్తాయి. ఇలాంటి పడవల సరుకు కలిపి, పడవల జాబితా జతచేసి, ఎగుమతిదారుడే ఒక సర్టిఫికెట్ నింపవచ్చు. విశాఖలో సోనా బోట్లు అనే మర పడవల విషయంలో మాత్రం ఊహ పనికిరాదు, ఒక్కో బోటు టన్నేజీ కాగితంలో చూసి నిర్ణయించండి.

నాలుగో మెట్టు: ప్లాంటులో బరువు లెక్క

తనిఖీ అధికారి మొదట పట్టుకునేది బరువునే. 5,000 కిలోల శుభ్రం చేసిన కటిల్ ఫిష్ పంపుతున్నారనుకోండి. మీ ప్లాంటులో మొత్తం చేప నుంచి 60 శాతం సరుకు వస్తుందంటే, దాని వెనక కనీసం 8,333 కిలోల వేట బరువు కనిపించాలి. చీటీల్లో 6,000 కిలోలే ఉంటే, మిగతా చేప ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు ఉండదు. పక్కాగా మీ సొంత యీల్డ్ లెక్క జాతివారీగా, సైజువారీగా కట్టి ఉంచుకోండి. ఐస్ పూత బరువును చేప బరువులో కలపకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక బోటు 1,200 కిలోలు దింపితే, మీరు కొన్నది 700 కిలోలే అయితే, 700 మాత్రమే మీది. మిగతా 500 ఇంకొకరు వాడుకుంటారు. ఇద్దరూ 1,200 చూపిస్తే ఒకే బోటు పేరు మీద రెట్టింపు చేప పుట్టినట్టు అవుతుంది. లెక్క చెప్పని వేట దాక్కునే చోటు సరిగ్గా ఇదే, అందుకే అధికారులు దీన్ని తేలిగ్గా తీసుకోరు. ప్లాంటులోకి వచ్చిన లాట్ నంబరు, కార్టన్ మీద పడే కోడ్, చీటీ నంబరు ఒకదానికొకటి కలిసేలా రిజిస్టర్ పెట్టండి.

విదేశీ సరుకు తెప్పించి ఇక్కడ శుభ్రం చేసి తిరిగి యూరప్ పంపేవారికి అదనంగా ప్రాసెసింగ్ స్టేట్‌మెంట్ కావాలి. దానికి అసలు జెండా దేశం, అంటే చేప పట్టిన ఓడ రిజిస్టరైన దేశం, ఇచ్చిన క్యాచ్ సర్టిఫికెట్ జత చేయాలి. అది చేతికి రానిదే ఆ సరుకును లైన్ మీదికి ఎక్కించకండి.

ఐదో మెట్టు: ఎంపెడా ధ్రువీకరణ

మన దేశంలో క్యాచ్ సర్టిఫికెట్‌ను ధ్రువీకరించేది సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ. అందరం ఎంపెడా అంటాం. 1972లో ఏర్పడింది, ప్రధాన కార్యాలయం కొచ్చిలో ఉంది. హార్బర్లలో బోట్ల రాక, సరుకు వివరాలు నమోదు చేసే ఏర్పాటు కూడా దానికి ఉంది. మీ చీటీలో ఉన్న తేదీ, అక్కడి నమోదు సరిపోలాలి. మీ సరుకు దిగే హార్బర్‌లో నమోదు చేసేవారితో పరిచయం పెంచుకోండి. తేడా ఏదైనా ఉంటే దరఖాస్తుకు ముందే తెలుస్తుంది.

కంటైనర్ లోడ్ అయ్యాక దరఖాస్తు చేసే అలవాటు మానండి. ప్యాకింగ్ ముగిసిన రోజే డ్రాఫ్ట్ సిద్ధం చేసి, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, హెల్త్ సర్టిఫికెట్‌లతో పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగు కాగితాల్లోనూ జాతి పేరు, నికర బరువు, కార్టన్ల సంఖ్య, కంటైనర్ నంబరు ఒకటే ఉండాలి. ఈ పని ఫారం నింపినవారితో కాకుండా వేరొకరితో చేయించండి. రాసినవాళ్ల కళ్లకు వాళ్ల తప్పు కనపడదు.

ఆరో మెట్టు: అవతలి ఒడ్డున గడువు

సరుకు ఓడలో వెళ్తే, అది రేవుకు చేరడానికి కనీసం మూడు పనిదినాల ముందు యూరప్ దిగుమతిదారుడు క్యాచ్ సర్టిఫికెట్ అక్కడి అధికారులకు ఇవ్వాలి. విమానంలో తాజా ట్యూనా పంపితే గడువు నాలుగు గంటలు. 2026 జనవరి 10 నుంచి దిగుమతిదారులు క్యాచ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే ఇది సమర్పించాలి. అందులో ప్రతి గడీ విడిగా నింపాలి. చేత్తో రాసిన, స్కాన్‌లో మసకబారిన బోటు నంబరు వాళ్లకు చదవడం రాకపోతే ఫోన్ మీకే వస్తుంది. బోట్ల జాబితాను టైప్ చేసిన షీట్‌గా కూడా పంపండి.

ఏడో మెట్టు: అమెరికా

సింప్ 2018 జనవరి 1న మొదలైంది. రొయ్యలకు ఆ ఏడాది చివరి రోజు నుంచి వర్తిస్తోంది. మొత్తం 13 రకాల సరుకు ఇందులో ఉంది. మనకు సంబంధించినవి రొయ్య, ట్యూనా, గ్రూపర్, మహీమహీ, కత్తిచేప వంటివి. వివరాలు దాఖలు చేయాల్సింది అక్కడి దిగుమతిదారుడు. అతనికి ఏటా రెన్యూవల్ చేసుకునే ప్రత్యేక పర్మిట్ ఉండాలి, రికార్డులు రెండేళ్లు దాచాలి. కానీ ఆ వివరాలు పుట్టేది మీ దగ్గరే. ఆడిట్ వచ్చినప్పుడు అతను మిమ్మల్నే అడుగుతాడు. చిన్న పడవల సరుకైతే, ఒకే రోజు ఒకే సేకరణ కేంద్రానికి వచ్చినదాన్ని కలిపి చూపవచ్చు.

రొయ్యకు ఇంకో ఫారం ఉంది, డీఎస్-2031. చెరువు రొయ్య అయితే, పట్టుబడికి ముందు కనీసం 30 రోజులు చెరువులో పెరిగిందని ధ్రువీకరించే గడి దగ్గర టిక్ పెడతారు. సముద్రపు రొయ్యకు మాత్రం ప్రస్తుతం దారి లేదు. వలల్లో తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు లేదన్న కారణంతో 2019 నుంచి మన వేట రొయ్యలను అమెరికా తీసుకోవడం లేదు. దీనికి ఆధారం 1989లో అక్కడ చేసిన చట్టం.

ఈ విషయం నాకు కాగితాలకు మించినది. మన తీరానికి ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో చచ్చిపడి ఉండటం తీరంలో నడిచే ప్రతి ఒక్కరూ చూసిందే. తాబేలు బయటపడే కమ్మీల చట్రం వలలో బిగించడం పెద్ద పనేమీ కాదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గ నమూనా కూడా తయారుచేసింది. సరుకు కొనేవాళ్లే ఆ చట్రం ఉన్న బోటుకు కిలోకు కాస్త ఎక్కువ ఇస్తే పరిస్థితి మారుతుందని నా గట్టి నమ్మకం. ఈలోపు, వేట రొయ్యను చెరువు రొయ్యగా రాసి పంపమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. ఒక్క లాట్ దొరికితే మీ ప్లాంటు సాగు రొయ్య కూడా అనుమానంలో పడుతుంది.

ఎనిమిదో మెట్టు: జపాన్, ఇంకా అసలు పంపకూడనివి

జపాన్ 2022 డిసెంబర్ నుంచి స్క్విడ్, కటిల్ ఫిష్, మాకెరెల్, సార్డిన్ వంటి వాటికి సక్రమంగా పట్టినట్టు సర్టిఫికెట్ అడుగుతోంది. యూరప్ కోసం పెట్టుకున్న బోటు ఫైళ్లూ చీటీలూ దీనికీ పనికొస్తాయి.

సముద్ర దోసకాయ మన వన్యప్రాణి చట్టం కింద 2001 నుంచి నిషిద్ధం. సొర రెక్కల ఎగుమతిని 2015లో కేంద్రం ఆపేసింది. వీటికి ఏ సర్టిఫికెట్టూ ఉండదు, ఎవరైనా ఇప్పిస్తానంటే మోసమే.

తొమ్మిదో మెట్టు: ప్రశ్న వచ్చినప్పుడు

అన్నీ సరిగ్గా ఉన్నా యూరప్ అధికారులకు అనుమానం వస్తే ధ్రువీకరణ కోరుతూ మన దేశ అధికారులకు రాస్తారు. జవాబుకు 15 రోజుల గడువు ఇస్తారు, అడిగితే మరో 15 రోజుల దాకా పొడిగిస్తారు. అప్పటిదాకా సరుకు రేవులోనే ఆగుతుంది, కోల్డ్ స్టోరేజీ ఖర్చు దిగుమతిదారుడి నెత్తిన పడి, చివరికి మీ బిల్లులో కోతగా తేలుతుంది. ఎంపెడా నుంచి ఫోన్ వచ్చిన రోజే జవాబు వెళ్లాలంటే ప్రతి కంటైనర్‌కూ ఒక కవరు ముందే కట్టి ఉండాలి. అందులో సర్టిఫికెట్ కాపీ, బోటు లైసెన్సు, జెట్టీ చీటీలు, లాట్ రిజిస్టర్ పేజీ, యీల్డ్ లెక్క పెట్టండి. ఆ వేటకు బోటు తీసుకున్న డీజిల్, ఐస్ బిల్లుల ఫొటోలు కూడా అడిగి తీసుకుని చేర్చండి. ఆ రోజు బోటు ఎక్కడుందో చెప్పడానికి మాకు చివరికి అక్కరకొచ్చింది అవే. కవరు మీద కంటైనర్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఏడాదివారీగా అల్మారాలో పెట్టండి. తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. మీరు సెలవులో ఉన్న రోజునే ఆ ఫోన్ రావచ్చు.